దుర్భిణి కొనేముందు అద్దం చూడండి

ఒక మంచి దుర్భిణి కొనాలని ఉంది. చేతిలో డబ్బు కొద్దిగానే ఉంది. దేన్ని చూసి కొనాలి? ఈ పూట మీతో మాట్లాడేది ఈ ఒక్క సంగతే. దుర్భిణి అంటే మనం బైనాక్యులర్ అంటామే, అదే. మెడలో వేలాడేసుకునే రెండు గొట్టాల పరికరం. మన మార్టూరు ఊరి చుట్టూ పత్తి చేలు, మిరప చేలు. చదునైన నేల. ఇలాంటి చోట దూరం చూడాలన్న ఆశ ఎవరికైనా సహజమే. చేను చివర కర్ర మీద వాలిన పిట్ట ఏదో తెలుసుకోవాలని రైతుకు ఉంటుంది. చెరువులో దిగిన కొంగల్ని పిల్లలకు దగ్గరగా చూపించాలని పంతులుగారికి ఉంటుంది. సరే, కొందామని అంగడికి వెళ్తాం. అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది అంకె. ఇది ఇరవై రెట్లు, ఇది ముప్పై రెట్లు, ఇదిగో ఇది వంద రెట్లు అంటారు. అంకె పెరిగినకొద్దీ వస్తువు గొప్పదని మనకూ అనిపిస్తుంది. నేను చెప్పదలచుకున్నది దానికి ఎదురు మాట. తక్కువ డబ్బు ఉన్నవాళ్లు ఆ డబ్బును అంకె మీద పెట్టకూడదు. అద్దం మీద పెట్టాలి. ఈ మాట ఇవాళ మళ్లీ మళ్లీ అంటాను. అంకె చూసి కొనకండి, అద్దం చూసి కొనండి. ఎందుకో వివరంగా చెబుతాను.

ఈ ప్రశ్న ఎక్కువగా వినపడేది వేటగాళ్ల నోట. లైసెన్సు మీద వేటకు అనుమతి ఇచ్చే దేశాలు ఇప్పటికీ ఉన్నాయి. అమెరికాలో కొత్త రైఫిల్ కొన్నవాళ్లు దాని మీద బిగించే గురి అద్దానికి, అంటే స్కోపుకు, ఎంత పెట్టాలా అని తర్జనభర్జన పడుతుంటారు. అనుభవం ఉన్నవాళ్లు వాళ్లకు చెప్పే సలహా ఏమిటంటే, నాలుగు రెట్లు, మహా అయితే తొమ్మిది రెట్లు చాలు, మిగిలిన డబ్బు మంచి అద్దానికి, గట్టి బిగింపుకు పెట్టమని. మన దేశంలో ఆ ప్రశ్నకు చోటు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. చేను తొక్కే అడవిపందిని కొట్టాలన్నా అధికారి అనుమతి కావాలి. కాబట్టి తుపాకీ సంగతి పక్కన పెడదాం. ఆ సలహాలో ఉన్న అద్దం మాట మాత్రం మనకూ వర్తిస్తుంది. నిజానికి మన దేశంలో పక్షుల చదువంతా తుపాకీ దగ్గర మొదలై దుర్భిణి దగ్గరికి చేరింది. ఒకప్పుడు పిట్టను గుర్తుపట్టాలంటే కొట్టి చేతిలోకి తీసుకోవాల్సిందే. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఈ దారిలోకి వచ్చిందే అలా. 1908 ప్రాంతంలో, చిన్నతనంలో, ఆయన గాలితుపాకీతో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేం పిట్టో తెలుసుకోవడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తీసుకెళ్లారు. ఆయనే పెద్దయ్యాక 1931, 32 సంవత్సరాల్లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే నడిపారు.

మన కడప జిల్లా కలివికోడి సంగతి చూడండి. దీన్ని 1848లో జెర్డన్ అనే వైద్యుడు లోకానికి చెప్పాడు. 1900 తర్వాత అది శాస్త్రవేత్తలెవరి కంటా పడలేదు. ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి ప్రాంతంలో మళ్లీ దొరికింది. రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టుకున్నది ఐతన్న అనే స్థానిక వేటగాడు. దాని అలికిడి, అది తిరిగే చోటు, అది బయటికి వచ్చే వేళ ఆయనకు తెలుసు. ఎనభై ఆరేళ్లుగా శాస్త్రవేత్తల కంటపడని పిట్ట ఆ చూపుకు దొరికింది. ఇప్పుడు అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఉంది. వేటగాడి దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఆ చూపే. చంపకుండా, బెదరగొట్టకుండా, దూరం నుంచి ఓపిగ్గా చూసే చూపు. దానికి తోడుగా ఉండే పనిముట్టు దుర్భిణి. దీనికి లైసెన్సు అక్కర్లేదు. సరైనదాన్ని ఎంచుకోవడం మాత్రం తెలియాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. దుర్భిణి మీద రెండు అంకెలు రాసి ఉంటాయి. 8 ఇంటూ 42 అని, 10 ఇంటూ 50 అని, 20 ఇంటూ 50 అని. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. 8 అంటే, 80 మీటర్ల దూరాన ఉన్న పిట్ట 10 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. రెండో అంకె ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. అంగట్లో అందరూ మొదటి అంకె గురించే మాట్లాడతారు. రెండో అంకెను ఎవరూ పట్టించుకోరు. కానీ వెలుగును లోపలికి తెచ్చేది రెండోదే. వాన కురుస్తున్నప్పుడు ముంగిట్లో ఒక చెంబు, ఒక గంగాళం పెట్టండి. వాన ఒక్కటే. గంగాళం మూతి వెడల్పు కాబట్టి నీళ్లు ఎక్కువ పడతాయి. ముందు అద్దం కూడా అంతే. వెడల్పు ఉంటే వెలుగు ఎక్కువ పడుతుంది. మరి మొదటి అంకె ఏం చేస్తుంది? పట్టిన వెలుగును పరుస్తుంది. దోశ పోసేటప్పుడు చూడండి. గరిటెడు పిండి మామూలు పెనం మీద తిప్పితే చక్కటి దోశ. అదే గరిటెడు పిండిని దానికి రెండింతల పెనం నిండా తిప్పితే పలచబడి చిల్లులు పడుతుంది. పిండి పెరగలేదు, పరచడం పెరిగింది. రెట్లు పెంచడమంటే అదే. బొమ్మ పెద్దదవుతుంది, వెలుగు పలచబడుతుంది.

దీన్ని లెక్కగా చూద్దాం. లెక్క చిన్నదే. రెండో అంకెను మొదటి అంకెతో భాగించండి. 42ను 8తో భాగిస్తే 5 పైచిలుకు. అంటే మీ కంటికి చేరే వెలుగు బిళ్ల వెడల్పు 5 మిల్లీమీటర్ల పైన. 50ని 20తో భాగిస్తే రెండున్నర. అంటే రెండున్నర మిల్లీమీటర్ల బిళ్ల. ఈ బిళ్లను మీరు కళ్లతో చూడవచ్చు. దుర్భిణిని చేయి చాచి ఆకాశం వైపు పట్టుకోండి. కళ్లు పెట్టే అద్దాల్లో రెండు గుండ్రటి తెల్లని చుక్కలు కనిపిస్తాయి. అవే వెలుగు బిళ్లలు. ఇప్పుడు మన కంటిపాపను తీసుకోండి. మిట్టమధ్యాహ్నం అది ముడుచుకుని రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది. పొద్దు వాలాక విచ్చుకుని ఐదారు మిల్లీమీటర్లవుతుంది. అంటే పగలు రెండూ ఒకేలా అనిపిస్తాయి. తేడా తెలిసేది సందెవేళ. కంటిపాప ఐదు మిల్లీమీటర్లు తెరుచుకుని వెలుగు కోసం చూస్తుంటే, ఇరవై రెట్ల దుర్భిణి రెండున్నర మిల్లీమీటర్ల బిళ్లే ఇస్తుంది. వెడల్పు సగమైతే వైశాల్యం నాలుగో వంతు. కాబట్టి సందెవేళ ఇరవై రెట్లదానిలో బొమ్మ దాదాపు నాలుగో వంతు వెలుగుతోనే కనిపిస్తుంది. పిట్టలు ఎక్కువగా తిరిగేది తెల్లవారుజామున, సాయంత్రం. అడవిపంది చేలోకి దిగేది చీకటి పడే వేళ. మనకు దుర్భిణి కావాల్సిన వేళకే పెద్ద అంకె చేతులెత్తేస్తుంది. అలాగని వెలుగు బిళ్ల ఎంత పెద్దదైతే అంత మంచిదనీ అనుకోకండి. 7 ఇంటూ 50 అనే రకం ఉంది. బిళ్ల 7 మిల్లీమీటర్లు. కుర్రవాళ్ల కళ్లకు సరే. వయసు పెరిగేకొద్దీ కంటిపాప అంతగా విచ్చుకోదు. యాభై దాటిన చాలామందికి ఐదు మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. మిగతా వెలుగు కంటి బయటే పోతుంది. ఇంటిల్లిపాదికీ పనికొచ్చే కొలత 8 ఇంటూ 42, లేదా 8 ఇంటూ 40.

వెలుగు ఒక్కటే కాదు, వణుకు కూడా ఉంది. మామిడికాయలు కోసే దోటి పట్టుకున్నవాళ్లకు ఇది తెలిసిన సంగతే. కింద చేయి వీసమెత్తు కదిలితే పైన చిక్కం బారెడు ఊగుతుంది. దోటి పొడుగయ్యేకొద్దీ ఊపు ఎక్కువ. దుర్భిణిలో రెట్లు కూడా దోటి పొడుగు లాంటివే. మన చేతులు ఎప్పుడూ కొద్దిగా వణుకుతూనే ఉంటాయి. గుండె కొట్టుకున్నా కదులుతాయి. ఎనిమిది రెట్లలో ఆ వణుకు ఎనిమిది రెట్లు. ఇరవై రెట్లలో ఇరవై రెట్లు. బొమ్మ నిలవదు. స్టాండు మీద బిగిస్తే నిలుస్తుంది, నిజమే. అయితే స్టాండుకు వేరే డబ్బు కావాలి. గట్టు మీద నడుస్తూ నడుస్తూ ఆగి చూసేవాళ్లకు స్టాండు కుదరదు. ఇక చూపు వెడల్పు. 8 రెట్ల మంచి దుర్భిణిలో 100 మీటర్ల దూరాన ఇంచుమించు 13, 14 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. ఇరవై రెట్లదానిలో ఐదు మీటర్ల దాకా కనిపిస్తుంది. సన్నటి వెదురు గొట్టంలోంచి చేనంతా వెతకడం ఎంత కష్టమో, ఆ ఐదు మీటర్లలోంచి పిట్టను వెతకడం అంత కష్టం. గొట్టాలు కళ్లకు ఆనించి అటూ ఇటూ తిప్పేలోపు పిట్ట లేచిపోతుంది. మళ్లీ చెబుతున్నాను. రెట్లు పెరిగితే వెలుగు తగ్గుతుంది, వణుకు పెరుగుతుంది, చూపు ఇరుకవుతుంది.

ఇదంతా ఒక్క పిట్ట మీద పెట్టి చూద్దాం. పత్తి చేలో పక్షి స్థావరాలు పెట్టమని వ్యవసాయశాఖవాళ్లు చెబుతారు. ఎకరాకు పది దాకా, పైన అడ్డకర్ర కట్టిన కర్రలు. వాటి మీద పసులపోలిగాడు వచ్చి వాలుతుంది. నల్లటి పిట్ట. తోక చివర రెండు పాయలు. సాయంత్రం ఐదున్నర అయింది. పిట్ట 80 మీటర్ల దూరంలో ఉంది. మామూలు కంటికి అది కర్ర మీద నల్లటి ముద్ద. నాసిరకం ఇరవై రెట్లదానిలో అది పెద్ద ముద్ద అవుతుంది, అంచులు చెదిరి, గంతులు వేస్తూ. అది పసులపోలిగాడో కాకో తెలుస్తుంది, అంతకుమించి తెలియదు. నాణ్యమైన ఎనిమిది రెట్లదానిలో పిట్ట చిన్నగానే ఉంటుంది. అయినా నిలకడగా ఉంటుంది. తోక చీలిక కనిపిస్తుంది. చటుక్కున కిందికి దూకి మొక్కల మీంచి పైకి లేచినప్పుడు ముక్కున ఏదో వేలాడుతూ కనిపిస్తుంది. అడ్డకర్ర మీద దాన్ని అటొకసారి ఇటొకసారి కొట్టి మింగుతుంది. అది పచ్చటి శనగపచ్చ పురుగా, మిడతా, ఎగిరే పురుగా అన్నది ఆ ఒక్క క్షణంలో తేల్చుకోవాలి. ఆ క్షణంలో పనికొచ్చేది స్పష్టత. పురుగు రంగు చెప్పగలిగే అద్దం కావాలి. సైజు పెంచి రంగు చెప్పలేని అద్దం మనకు ఎందుకు?

ఇప్పుడు ఆ అద్దం సంగతే చెప్పుకుందాం. మార్టూరువాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ గ్రానైట్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. రాయి ఒకటే. కోసి వదిలేసిన పలక మసకగా ఉంటుంది. ముతక రాపిడితో మొదలుపెట్టి, మెత్తటి రాపిడి దాకా, ఒకదాని తర్వాత ఒకటి పాలిష్ పట్టిన పలకలో మొహం కనిపిస్తుంది. కొన్నవాళ్లు డబ్బు ఇచ్చేది రాయికీ, ఆ పాలిష్‌కూ. దుర్భిణి అద్దాన్నీ అలాగే, ముతక నుంచి మెత్తన దాకా, సాన పడతారు. తొందరపడి పట్టిన అద్దం పైకి మెరుస్తుంది గానీ బొమ్మ అంచుల్ని చెదరగొడుతుంది. ఇక పూత. అద్దం మీద పడిన వెలుగంతా లోపలికి పోదు. పూత లేని అద్దం ప్రతి ఉపరితలం దగ్గరా నూటికి నాలుగు వంతుల వెలుగును వెనక్కి తిప్పేస్తుంది. దుర్భిణిలో ఒక్కో గొట్టంలో కంటి అద్దాలు, ముందు అద్దాలు, మధ్యలో బొమ్మను నిటారుగా నిలిపే పట్టకాలు ఉంటాయి. ఉపరితలాలు పదికి తక్కువ ఉండవు. ఒక్కో చోట నాలుగు పోతే, పది దాటేసరికి మూడో వంతు వెలుగు పోయినట్టే. కాలువ మీద పది చోట్ల గండ్లు పడితే చివరి చేనుకు నీరు అందనట్టు. ఈ గండ్లు పూడ్చే పూతను 1935లో జర్మనీలో జైస్ కంపెనీలో పనిచేసిన స్మకులా అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఇప్పుడు మంచి దుర్భిణుల్లో ప్రతి ఉపరితలానికీ పలు పొరల పూత ఉంటుంది. పెట్టె మీద ఫుల్లీ మల్టీ కోటెడ్ అని రాసి ఉంటే దాని అర్థం అది. ఉత్త కోటెడ్ అని రాస్తే ఏదో ఒక అద్దానికి ఒక పొర పూసి ఉండొచ్చు. కొన్నిటికి ముందు అద్దం కెంపులా ఎర్రగా మెరుస్తుంటుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది. ఆ ఎరుపు వెనక్కి పోతోంది కాబట్టే మెరుస్తోంది. కంటికి చేరేది ఎరుపు తగ్గిన పచ్చటి బొమ్మ. పండు మిరపకాయ రంగు కూడా అందులో సరిగ్గా తెలియదు.

ఇంకొక్క పోలిక చెప్పి ముందుకు వెళ్తాను. లాంతరు చిమ్నీకి మసి పట్టింది. వెలుగు చాలడం లేదని వత్తి పెంచితే ఏమవుతుంది? ఇంకా మసి పడుతుంది. చేయాల్సింది చిమ్నీ తుడవడం. రెట్లు వత్తి లాంటివి. అద్దం చిమ్నీ లాంటిది. అద్దంలో లోపం ఉంటే, రెట్లు పెంచినకొద్దీ ఆ లోపం కూడా అన్ని రెట్లు పెరిగి కనిపిస్తుంది. అందుకే అంటున్నాను. అంకె చూసి కొనకండి, అద్దం చూసి కొనండి.

దీనికి కొందరు అభ్యంతరాలు చెబుతారు. అవి కొట్టిపారేయాల్సినవి కావు. మొదటిది జూమ్. పది రెట్ల నుంచి వంద రెట్ల దాకా మార్చుకునేవి ఉన్నాయి కదా, దగ్గరివాటికి పది, దూరానికి వంద వాడుకోవచ్చు కదా అంటారు. ఇందాకటి లెక్క వేయండి. ముందు అద్దం 25 మిల్లీమీటర్లు, రెట్లు నిజంగానే వంద అనుకుందాం. 25ను 100తో భాగిస్తే పావు మిల్లీమీటరు. సూది బెజ్జం లోంచి చూసినట్టే. పైగా రెండు గొట్టాల్లోనూ అద్దాలు సరిసమానంగా ముందుకూ వెనక్కూ కదలాలి. ఏ కొంచెం తేడా వచ్చినా రెండు కళ్లకూ రెండు బొమ్మలు. రెండో అభ్యంతరం సెల్‌ఫోన్. ఇప్పుడు ఫోన్లోనే యాభై రెట్లు, వంద రెట్లు వస్తోంది, వేరే దుర్భిణి ఎందుకు? ఫోన్లో ఒక మేలు ఉంది, ఒప్పుకుంటాను. చూసినదాన్ని ఫొటో తీసి నలుగురికీ చూపించవచ్చు. దుర్భిణితో అది కుదరదు. కానీ ఫోన్లో ఆ రెట్లలో చాలా భాగం అద్దం తెచ్చినవి కావు, తీసిన బొమ్మను సాగదీసినవి. పేపర్లో అచ్చయిన ఫొటోను భూతద్దంతో చూస్తే కొత్త సంగతులు కనిపించవు, చుక్కలే పెద్దవవుతాయి. ఎండలో ఫోన్ తెర సరిగా కనిపించదు కూడా. ఎగిరే పిట్టను తెర మీద వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకు తెలుసు.

మూడో అభ్యంతరం బలమైనది. మంచి అద్దం అంటే లక్షల మాట, మనబోటి వాళ్లకు ఎక్కడ అందుతుంది అంటారు. పేరున్న యూరప్ కంపెనీల దుర్భిణులు లక్ష దాటుతాయి, నిజమే. కానీ ఇక్కడే తెలివిగా ఎంచుకునే వీలు ఉంది. దుర్భిణులు రెండు ఆకారాల్లో వస్తాయి. ఒకటి తిన్నటి గొట్టాలది. రెండోది వంకీ తిరిగినది. ముందు అద్దాలు ఎడంగా ఉంటాయి, కళ్లు పెట్టే చోటు దగ్గరగా ఉంటుంది. పాత సినిమాల్లో కెప్టెన్ల చేతిలో చూసే ఆకారం. లోపలి పట్టకాల అమరికను పొర్రో అనే ఇటలీవాడు 1854లో పేటెంటు చేశాడు కాబట్టి దీన్ని పొర్రో రకం అంటారు. తిన్నటి గొట్టాల రకంలో పట్టకాలను చాలా కచ్చితంగా చెక్కాలి, ప్రత్యేకమైన పూతలు వేయాలి. అందుకు ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెట్టకుండా చౌకగా చేస్తే బొమ్మ దెబ్బతింటుంది. పొర్రో రకానికి అంత తంటా లేదు. అందుకే తక్కువ ధరలో, ఒకే డబ్బుకు, పొర్రో రకమే మెరుగైన బొమ్మ ఇస్తుంది. ఇంచుమించు పదివేల రూపాయల లోపల 8 ఇంటూ 40 గానీ 8 ఇంటూ 42 గానీ నమ్మకమైన పొర్రో దుర్భిణి దొరుకుతుంది. దీనిలో లోట్లు లేవా? ఉన్నాయి. కాస్త బరువు, కాస్త లావు. చాలావాటికి నీటి నుంచి రక్షణ ఉండదు. వానలో తడపకూడదు. ఈ లోట్లతో సర్దుకోవచ్చు. మసక బొమ్మతో సర్దుకోలేం.

మరి అంగట్లో పరీక్షించడం ఎలా? గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిర్చి బస్తా, మీద పేరు చూసి ఎవరూ రేటు కట్టరు. మూతి విప్పి పిడికెడు కాయలు తీస్తారు. రంగు చూస్తారు, తేమ చూస్తారు, తాలు ఎంత కలిసిందో చూస్తారు. దుర్భిణినీ అలాగే చూడాలి. ముందుగా వేళ. వీలైతే సాయంత్రం వెళ్లండి. ట్యూబులైటు కింద అన్నీ బాగానే ఉంటాయి. అంగడి బయటికి తెచ్చి చూడండి. చేయి చాచి ఆకాశం వైపు పట్టి వెలుగు బిళ్లల్ని చూడండి. అవి పూర్ణచంద్రుడిలా గుండ్రంగా ఉంటే పట్టకాలు మంచివి. అంచులు కోసినట్టు చతురస్రంగా, బూడిద రంగు నీడలతో ఉంటే నాసిరకం. తర్వాత దూరంగా ఉన్న కరెంటు తీగను చూడండి. చూస్తూ చూస్తూ దుర్భిణిని కళ్ల నుంచి జానెడు దూరం జరపండి. రెండు బిళ్లల్లోనూ తీగ ఒకే ఎత్తున ఉండాలి. ఒకటి పైన, ఒకటి కింద ఉంటే రెండు గొట్టాలూ ఒక దారిలో లేవన్నమాట. అలాంటిది కొంటే పది నిమిషాలకే తలనొప్పి. ఆ తర్వాత ఆకాశం ముందున్న స్తంభం అంచు చూడండి. అంచు వెంట ఊదా, పసుపు గీతలు గాఢంగా కనిపిస్తే అద్దం మంచిది కాదు. కళ్లజోడు ఉన్నవాళ్లు కళ్లజోడుతోనే చూడండి. బొమ్మ పూర్తిగా కనిపించాలి. కాగితం మీద ఐ రిలీఫ్ (కంటికీ అద్దానికీ మధ్య ఉండగల ఎడం) 15 మిల్లీమీటర్లు, ఆపైన అని ఉంటే మీకు సరిపోతుంది. చివరగా కుడి కన్ను సర్దుబాటు. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో చూస్తూ మధ్య చక్రం తిప్పి బొమ్మను తేటపరచండి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటి దగ్గరున్న చిన్న చక్రం తిప్పండి. మన రెండు కళ్ల చూపూ సమానంగా ఉండదు కాబట్టి ఇది తప్పనిసరి. దీన్ని సర్దకుండా చూసి, మంచి దుర్భిణిని మసకగా ఉందని వదిలేసేవాళ్లు ఉన్నారు.

ఒక పెద్ద ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. మందుల ఖర్చు, కూలీల ఖర్చు మోయలేక సతమతమవుతున్న రైతుకు ఈ దుర్భిణి అవసరమా? న్యాయమైన ప్రశ్న. అప్పు చేసి కొనమని ఎవరికీ చెప్పను. కానీ పది మంది రైతులు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. చేలో నాటిన పక్షి స్థావరాల మీద ఏ పిట్టలు వాలుతున్నాయి, ఏం తింటున్నాయి అన్నది చూస్తే, పిట్టలు ఎంత పని చేస్తున్నాయో కళ్లకు తెలుస్తుంది. కళ్లకు తెలిసినది మనసుకు పడుతుంది. ఇంకొక ఉపయోగం చాలామందికి తెలియదు. దుర్భిణిని తిరగేయండి. కళ్లు పెట్టే అద్దాన్ని ఆకుకు బాగా దగ్గరగా, వేలి వెడల్పు దూరంలో పట్టి, పెద్ద అద్దం వైపు నుంచి చూడండి. అది భూతద్దమైపోతుంది. 2021లో మిరపను ఊడ్చేసిన నల్ల తామర పురుగు పూలలో దాక్కుంటుంది. ఒక మిల్లీమీటరంత ఉంటుంది. పూవును విప్పి ఇలా చూస్తే అది కదలడం తెలుస్తుంది. దూరాన ఉన్న పిట్టకూ, చేతిలో ఉన్న పూవుకూ ఒకే పనిముట్టు.

బడుల సంగతి కూడా చెప్పాలి. బడికి ఇవ్వాలనుకునే దాతలకు నాదొక విన్నపం. పది ఆటబొమ్మ దుర్భిణులు కొని ఇవ్వకండి. వాటిలో చూసిన పిల్లవాడికి ఏమీ కనిపించదు. పక్షుల్ని చూడటం అంటే ఇంతేనా అనుకుని వదిలేస్తాడు. అదే డబ్బుతో ఒక్కటి, మంచిది ఇవ్వండి. పిల్లలు వంతులవారీగా చూస్తారు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకు తీసుకెళ్లండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడ చెట్ల మీద గూళ్లు కడతాయి. గట్టు మీద నిలబడితే చాలు, వాటిని బెదరగొట్టకుండా చూడవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం ముందే చెప్పండి. దుర్భిణితో సూర్యుడి వైపు క్షణమైనా చూడకూడదు. కళ్లు పోతాయి. వాడిన తర్వాత అద్దాల్ని పంచె కొంగుతో, చీర చెంగుతో రుద్దకండి. దుమ్ము వల్ల గీతలు పడతాయి. మెత్తటి కుంచెతో దులిపి, తర్వాత మెత్తటి గుడ్డతో తుడవండి. మన వానాకాలపు తేమకు అద్దాల లోపల బూజు పడుతుంది. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, తేమ పీల్చే సిలికా పొట్లాలు వేసి దాచండి. అలా చూసుకుంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

చెప్పినదంతా మరొక్కసారి. ఎనిమిది రెట్లు చాలు. ముందు అద్దం నలభై మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ప్రతి అద్దానికీ పలు పొరల పూత ఉండాలి. తక్కువ డబ్బుకైతే వంకీ తిరిగిన పొర్రో రకం. సాయంత్రం వెలుగులో పరీక్ష. చివరగా ఒక్క గుర్తు చెప్పి ముగిస్తాను. మన చేల మీద వాలే పసులపోలిగాడు ఒళ్లంతా నలుపే అనుకుంటాం. దాని ముక్కు మొదట్లో, నోటి మూల దగ్గర, ఆవగింజంత తెల్లటి చుక్క ఒకటి ఉంటుంది. అది మామూలు కంటికి కనిపించదు. సందెవేళ, కరెంటు తీగ మీద కూర్చున్న పిట్టలో ఆ తెల్లచుక్కను మీకు చూపించిన దుర్భిణిని కొనండి. దాని మీద రాసిన అంకె ఎంత చిన్నదైనా సరే.